పింజ పద్యానికి ఎనుమాముల టీక

మూలం

పింజ మూడు కట్టు వేలెడంత విడిచి
ఒక్క రెక్కవైన నొప్పు నెపుడు
వింటి కెడమ నొకటి వెలుపల నిలువగ
గుఱికి జేరు నమ్ము కుదురుగాను

కర్త ఎవరో వ్యాఖ్యాతకు తెలుసు. అడగకుండుట మర్యాద.

ప్రతిపదార్థం: పింజ మూడు = బాణపు ఈకలు మూడింటిని; వేలెడంత విడిచి = నారిని కరిచే గాటు నుండి వేలెడు చోటు వదలి; కట్టు = కట్టుము, నేడైతే జిగురుతో అంటించుము; ఒక్క రెక్కవైనన్ = మూడూ ఒకే వైపు రెక్కవైతే; ఒప్పున్ = తగును; వింటికిన్ ఎడమన్ = కుడిచేతి విలుకాడి వింటికి ఎడమ పక్క; ఒకటి = రంగు వేరుగా ఉన్న ఈక; వెలుపల నిలువగన్ = బయటికి చూస్తుండగా; అమ్ము = బాణము; కుదురుగాను గుఱికిన్ చేరున్.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు పక్కన కూర్చున్నవాడికి పింజ అనగానే పత్తి, అమ్ము అనగానే మిరప బస్తాలు తోచుట సహజం. ఆ అర్థాలు ఇక్కడ చెల్లవు.

తాత్పర్యం: ఈకలు తోక చివరనే ఉండవలెను, చేతికి మాత్రం అడ్డు రారాదు.

విశేషములు: ఈకలు నడుమ కట్టరాదా అని పూర్వపక్షి. రాదు. ములికి బరువు వల్ల బాణం వేలిమీద తూగి నిలిచే చోటు నడుముకంటే కొంత ముందుంటుంది. ఎగిరే బాణం తోక పక్కకు ఊగినప్పుడు గాలి ఈకను పట్టి తిరిగి వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడుకు బలం ఈక పరిమాణం నుండి ఎంత వస్తుందో, తూగే చోటుకు అది ఎంత దూరాన ఉందన్న దాన్నుండీ అంతే వస్తుంది. ముందుకు జరిపిన కొద్దీ అదే ఈక చేతకానిదవుతుంది. తూగే చోటుకు ముందు కట్టితిరా, బాణం వెనుదిరగ జూచును.

అట్లయితే గాటు అంచునే అంటించవచ్చు గదా? నారిని లాగే మూడు వేళ్లకు చోటు వద్దా? వేలు ఈకను తాకితే విడుపు చెడుతుంది. అందుకే 'వేలెడంత'. వేళ్లతో లాగేవారు సుమారు 2.5 సెంటీమీటర్లు వదులుతారు. కప్పీలుండే కాంపౌండ్ విల్లువారు రిలీజ్ అనే మీటతో నారిని విడుస్తారు గనుక ఇంకొంచెం వెనక్కి పోగలరు.

ఇంత మేలు చేసే ఈకను మూరెడు పెట్టరాదా అనేవారికి మా యార్డు మాటలోనే జవాబు: ఈక తరుగు తీయక వదలదు. నిలకడ ఇచ్చి వేగంలో కోస్తుంది, పక్కగాలికీ ఎక్కువ దొరుకుతుంది. కనుక కొసలు ముందుకు వంగిన రికర్వ్ వింటితో 70 మీటర్లు వేసే విలుకాండ్లు చిన్న ఈకలే వాడతారు.

'వింటి కెడమ': ఇది నిక్కమైన విరోధాభాసం. నారి లాగి పట్టినప్పుడు బాణం గురికి కాస్త పక్కకు చూస్తుంది, అయినా గురికే పోతుంది. కారణం, విడిచిన క్షణాన పుల్ల పాములా వంగి వింటిని తప్పించుకుంటుంది. 1930లలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ అతివేగపు కెమెరాతో దీన్ని పట్టి చూపించాడు. తోక విల్లు దాటేటప్పుడు ఈక దానికి కొట్టుకోరాదు. మూడు ఈకల నడుమ 120 డిగ్రీల చొప్పున ఎడం గనుక, ఒకటి బయటికి తిరిగితే మిగతా రెంటి సందు వింటి వైపు వస్తుంది. కవి లెక్క తెలిసినవాడే (మళ్లీ పేరు అడగవద్దు).

'ఒక్క రెక్క': కుడి రెక్క ఈక ఒక వంపు, ఎడమ రెక్కది మరో వంపు. కలిపి కడితే బాణం ఏ వైపు తిరగాలో తేల్చుకోలేదు. భారతంలో రాబందు ఈకల బాణాలున్నాయి. నేటి ప్లాస్టిక్ ఈకకు రెక్క లేదు. రెండు మూడు డిగ్రీలు వాలుగా అంటించి ఆ తిరుగుడు తెప్పిస్తారు.

పాఠాంతరం: మన విలుకాడు బొమ్మదేవర ధీరజ్ పట్టే రికర్వ్‌కు పద్యం ఉన్నదున్నట్లు చెల్లుతుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు. ఆ జాతి విల్లుకు బాణపు ఆసరా కిందికి పడిపోయే రకమైతే 'వెలుపల' అన్నచోట 'పైకి' అని చదివినా తప్పులేదు.

కవి గురి అన్నాడు, మృగం అనలేదు. 1972 వన్యప్రాణి చట్టం ఉన్న దేశంలో అది వివేకం. విల్లువేటకు అనుమతి ఉన్న దేశాల్లో వెడల్పు అలుగుల ములికే ముందు రెక్కలై గాలిని పడుతుంది. దానితో పోటీకి తోకన ఈకలు పెద్దవీ, మెలి తిరిగినవీ కావాలి.

పూర్వపక్షి చివరి పట్టు: దసరాకు మా పిల్లలు చీపురుపుల్ల కొసకు తారు ముద్ద పెట్టి వేస్తే, ఈక లేకున్నా ముక్కు ముందుకే పోతుంది గదా? పోతుంది. ముద్ద బరువుకు తూగే చోటు కొసకు జరుగుతుంది, వెనుకనున్న పుల్లంతా తానే ఈకవుతుంది. పది అడుగులకు అది చాలు.