చార్మినార్ దర్వాజా ముట్టడి

ఆదివారం పొద్దున. ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు అక్షౌహిణులై బారులు తీరి, అట్టల మీది దుమ్ము వీరుల నుదుటి విభూతిలా మెరుస్తూ, బేరాల భేరీనాదాలు జీపీవో గోడలకు తగిలి దిక్కులు పిక్కటిల్లుతున్న శుభముహూర్తాన, నేనూ మా బావమరిదీ దండయాత్రకు కదిలాం. మేం పట్టబోయే కోట మా నాయనమ్మ పోపులపెట్టెలో మెంతుల కింద దొరికిన నిజాం కాలపు హాలీ రూపాయి. ఆ రూపాయి నడుమ చార్మినార్. చార్మినార్ నడుమ దర్వాజా. జొన్నగింజ పడితే నిండిపోయే ఆ గుమ్మంలో, నూరేళ్ళకు పైగా కన్నార్పక కాపలా కాస్తున్న ఒకే ఒక్క అక్షరం. దాన్ని కెమెరాలో సజీవంగా బంధించి తేవాలి.

శత్రువు వంశం చెప్పకుండా యుద్ధం చెప్పడం మర్యాద కాదు. 1903లో సైఫాబాద్ టంకసాలలో యంత్రాలు గర్జించిన కాలానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ రూపాయి మీద చార్మినార్ వెలిసింది. గుమ్మంలో ఆయన పేరులోని మొదటి అక్షరం ‘మీమ్’ గుండ్రటి తలతో కొలువుదీరింది. 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూశాక గద్దెతో పాటు ఆ బుల్లి గుమ్మమూ చేతులు మారింది. మీమ్ దిగింది, ఉస్మాన్ అలీఖాన్ ‘ఐన్’ ఎక్కింది. కొత్త పెళ్ళికొడుకు బిడియమో ఏమో, తొలిరోజుల్లో ఆ ఐన్ సగమే లోపలికొచ్చింది: కొడవలి వంపులాంటి తల, అంతే. తర్వాత్తర్వాత తల కింద బానపొట్ట వేలాడేసుకుని గుమ్మమంతా ఆక్రమించింది. మొదటిది పొట్టి ఐన్, రెండోది నిండు ఐన్. నాణేలు పోగేసేవాళ్ళ మధ్య మాటలు పెరిగేది ఈ పొట్ట దగ్గరే. మా రూపాయి మీద 1330 హిజ్రీ ఉంది. తల కనిపిస్తోంది. తల కింద ఏదో గీత. భూతద్దంలోంచి చూసి అది పొట్టేనన్నాడు మా బావమరిది. కాదన్నాను నేను. సంధి మాటలు చాయ్ చల్లారేలోపే విఫలమయ్యాయి.

ఆయుధసేకరణకు ఆబిడ్స్ కన్నా తగిన చోటేది? ఆ పేటకు పేరిచ్చింది ఆరో నిజాం కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన కొట్టు. అంటే, తండ్రిగారి నౌకరు ముంగిట కత్తులు కొని కొడుకుగారి అక్షరం మీదికి దూకుతున్నామన్నమాట. ఒక కెమెరా కొట్టులో ఎక్స్‌టెన్షన్ ట్యూబులు దొరికాయి. అద్దంలేని బోలు గొట్టాలు మూడు, ఒకదాని మీద ఒకటి మూడంతస్తుల మేడలా. వాటిని కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగిస్తే లెన్సు ముందుకు జరిగి, అంతవరకు ఆమడ దూరాన నిలబడితే తప్ప చూడలేని దొరవారు కాస్తా వస్తువు ముక్కుకు ముక్కు ఆనించి చూడడం మొదలుపెడతారు. లోపల గాలి తప్ప ఏమీ లేని గొట్టానికి ఇంత ధరా అని నేను గొణిగితే, కొట్టాయన నిర్వికారంగా, ‘పిల్లనగ్రోవిలో మాత్రం ఏముంది సార్?’ అన్నాడు. జవాబు తోచక డబ్బులిచ్చేశాను.

ఇక ఊరేగింపు. ఆటో మా రథం. దాని సైలెన్సర్ శంఖం. బయటికి పొడుచుకొచ్చిన ట్రైపాడ్ మా గరుడధ్వజం. నెహ్రూ విగ్రహం దగ్గర ఎర్రదీపం పడగానే చతురంగబలాలు, అంటే నాలుగు ఆర్టీసీ బస్సులూ లెక్కలేనన్ని బైకులూ, మా గౌరవార్థం నిలిచిపోయాయి. జామకాయల బండివాడు ఉప్పూకారం చల్లి దీవించాడు. స్టేషన్ రోడ్డు లాడ్జీల బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్ళు వింజామరలై వీచాయి. నాంపల్లి స్టేషన్ ముందు దిగుతుంటే తల మీద మెట్రో, మేఘగర్జనలాంటి మోతతో, ఆకాశమార్గాన వెళ్ళిపోయింది.

యుద్ధరంగం మా మేడ మీది గదిలో కూరగాయలు కోసే బల్ల. దాని మీద నల్లగుడ్డ పరిచి, మధ్యలో దారపు కండె నిలబెట్టి, కండె మీద రూపాయిని, అంచులు మాత్రమే పట్టుకుని, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు పెట్టాం. కండె ఎత్తుకు వెనకనున్న గుడ్డ పోగులన్నీ మసకబారి, పదకొండు గ్రాముల పైచిలుకు ఆ వెండి బిళ్ళ నడిరేయి నిండుచంద్రుడిలా ఒంటరిగా తేలుతుంది. దాని మీద చింతపండు రుద్దుదామన్నాడు మావాడు. ఆ ఒక్కమాటకే అతణ్ణి సైన్యం నుంచి వెలివేయాల్సింది. నూరేళ్ళుగా పట్టిన ఆ నీలి ధూమ్రవర్ణపు మెరుగును తోమితే మిగిలేది కొత్త గరిటె.

అప్పుడు లేచాడు మూడు కాళ్ళ త్రివిక్రముడు! ట్రైపాడ్ ఒక కాలు గోడవారగా, ఒక కాలు బియ్యం డబ్బా పక్కన మోపింది. మూడో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నా చెప్పు మీద పెట్టింది. దాని తల మీద కిందికి వంగి చూస్తున్న లెన్సు ఒంటికన్ను శుక్రాచార్యుడు. కెమెరా, నాణెం ఒకదానికొకటి ఎదురుబొదురుగా లేకపోతే చార్మినార్ ఓవైపు పదునుగా, ఓవైపు పొగమంచులో మునిగినట్టుగా వస్తుంది. దానికి మత్స్యయంత్రం కావాలి. నాణెం చోట చిన్న అద్దం పెట్టి తెర మీద చూశాం. అద్దంలో లెన్సు తన కన్ను తానే, సరిగ్గా నడిమధ్యన, చూసుకోవాలి. ఒక మర అటు, అర మర ఇటు, మావాడు అర్జునుడిలా తలవంచి నీడనే చూస్తూ చెమటలు కక్కాడు. చివరికి కన్నూ కన్నూ కలిశాయి. అద్దం దిగింది, రూపాయి మళ్ళీ సింహాసనమెక్కింది.

వెలుతురు సంగతి వేరే పర్వం. దీపం నెత్తిన పెడితే రూపాయి తెల్లటి అప్పడంలా వెలిగిపోయి, నిజాముల్ముల్క్ ఆసఫ్‌జా బహదూర్ బిరుదాలన్నీ ఆ వెలుగులో గల్లంతు. నాణెం మీది అక్షరం సిరాతో రాసింది కాదు, ఎత్తుతో రాసింది. నీడ పడితేనే దానికి బతుకు. అందుకని చదువుల దీపాన్ని బల్ల అంచుదాకా వంచి, అడుగు కోసేసిన కాగితపు చాయ్ కప్పును నాణెం చుట్టూ శ్వేతచ్ఛత్రంలా నిలబెట్టాం. మొరటు వెలుతురు ఆ కప్పు గోడలో వడగట్టుకుని, పాలనురుగై, మినార్ల భుజాల మీదికి మెల్లగా జారింది. ఒక్కో వంపుకూ ఒక నీడ, ఒక్కో నీడకూ ఒక వెండి అంచు.

ఐఎస్‌ఓ 100. అపర్చర్ ఎఫ్/8. ఇంత దగ్గర్లో పదునుగా కనిపించే మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఆ సన్నటి పొరలోనే చార్మినార్ మొత్తం నిలబడాలి. వేలితో మీట నొక్కితే ఆ వణుక్కే కోట కూలుతుంది కనుక రెండు సెకన్ల టైమర్ పెట్టి ఇద్దరం దూరం జరిగాం. ఊపిరి బిగబట్టాం. సీలింగ్ ఫ్యాన్ ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఛత్రం ఎగిరి బెండకాయల బుట్టలో పడింది.

‘గంట నుంచి ఆ రూపాయి చుట్టే తిరుగుతున్నరు. బెండకాయలు నేను ఏడ కొయ్యాలె?’ గుమ్మంలో మా ఆవిడ. చేతిలో కత్తి.

‘అక్కా, అయిదే నిమిషాలు. అక్కడే నిలబడు. గాలి పీల్చకు.’

తమ్ముడి వంకా, నా వంకా, రూపాయి వంకా చూసి కత్తి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ కత్తి తళుకు నాణెం మీద పడి రెండో సూర్యుడు పొడిచాడు. ఆ ఫొటో పోయింది.

ఎండ వాలింది. పదిహేడో గురికి అంతా కుదిరింది. మీట నొక్కాం. ఒకటి... సరిగ్గా అప్పుడు స్టేషన్‌లో మైకు దుందుభి మోగి, సాయంత్రపు రైలు కదిలి, కిటికీ ఊచలు గణగణలాడి, బల్ల సన్నగా వణికింది. తెర మీద మూడు మసక చార్మినార్లు. కదిలిన ఆ రైలు పేరు చార్మినార్ ఎక్స్‌ప్రెస్. దుర్గరక్షణకు స్వయంగా దుర్గమే వస్తుందని ఏ యుద్ధశాస్త్రంలోనూ చదవలేదు.

రైలు చెన్నై దారి పట్టాక నిశ్శబ్దం. మళ్ళీ నొక్కాం. క్లిక్! తెర మీద బొమ్మను పదింతలు చేశాడు మావాడు. గుమ్మం తెరుచుకుంది. ఎంత గుమ్మం! కమాను అంచులు అరిగి గోల్కొండ రాళ్ళలా నునుపుదేలాయి. మూలల్లో మెంతిపిండో శతాబ్దపు మురికో గుట్టలు గుట్టలుగా పడి ఉంది. మధ్యలో ఐన్ శిరస్సు, విదియచంద్రుడి వంపు. దాని కింద ఆ గీత, పొట్టలా వంగీ వంగకుండా.

‘పొట్ట!’ అని అరిచాడు.

ఇక మిగిలింది ఒకే అస్త్రం. దీపాన్ని ఎడమ నుంచి కుడికి మార్చమన్నాను. ఉబ్బెత్తు అక్షరం నీడ దీపానికి అవతలి వైపు పడుతుంది. గాటు నీడ దీపానికి ఇవతలి వైపు, తన అంచులోనే దాక్కుంటుంది. దీపం ఎడమనున్న ఫొటో, కుడినున్న ఫొటో పక్కపక్కన పెట్టాం. ఐన్ తల నీడ మర్యాదగా దీపానికి ఎప్పుడూ ఎదురువైపే ఉంది. కింది గీత నీడ మాత్రం రెండుసార్లూ దీపం పక్కనే నక్కింది. అది పొట్ట కాదు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు, అంటే బ్రిటిషిండియా రూపాయలు, మారే రోజుల్లో వెండి నికార్సో కాదో తెలుసుకోవాలని ఏ షరాబో గీకిన గాటు కావచ్చు. మాది పొట్టి ఐన్. మావాడు మాట్లాడకుండా ట్రైపాడ్ కాళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. ఓడినవాడి ఆ మౌనం ముందు నా విజయగర్వం కూడా కాస్త మెత్తబడి, చాయ్ ఖర్చు నాదేనన్నాను.

కిందికి దిగి స్టేషన్ ఎదుట ఇరానీ చాయ్ తాగాం. జేబులోంచి పది రూపాయల బిళ్ళ కౌంటర్ మీద పెట్టాను.

‘ఈ బిళ్ళ నడవదన్నా. నోటియ్యి.’

రిజర్వు బ్యాంకు చెల్లుతుందని ఎన్నిసార్లు మొత్తుకున్నా ఈ కౌంటర్ దాకా ఆ కబురు చేరినట్టు లేదు. నోటిచ్చి బిళ్ళ వెనక్కి తీసుకున్నాను. అలవాటు ప్రకారం దాన్ని ట్యూబులైటు కింద ఏటవాలుగా వంచాను. ఏడాది అంకెల కింద బుల్లి నక్షత్రం, మన హైదరాబాద్ టంకసాల గుర్తు, అయిదు కొమ్ముల్లో నాలుగే కనిపిస్తూ.

‘బావా,’ అన్నాడు మావాడు, నా భుజం మీంచి తొంగిచూస్తూ. ‘అయిదో కొమ్ము అరిగిందా, అసలే పడలేదా?’

ఫ్యాన్ ఆపమని ఇంటికి ఫోన్ చేశాను.