బాబాయి కట్టిన వడ్డీ

లా రెండో సంవత్సరంలో ఉండగా సంక్రాంతికి ఊరెళ్లాను. రామాలయం అరుగు మీద గ్రంథాలయం గదికి చందాలు రాస్తున్నారు. నలుగురూ చూస్తున్నారన్న ఉత్సాహంలో నా పేరుకెదురుగా ఇరవై వేలు రాయించాను. చేతిలో అంత డబ్బు లేదు. "ఇస్తావు గదరా?" అన్నాడు బాబాయి. "మీరు పని మొదలుపెట్టండి బాబాయ్" అన్నాను.

ఉగాదికి ఫోన్ చేశాడు. పునాది అయిందట, ఇటుక దిగిందట, సిమెంటు అరువు తెచ్చారట. నా దగ్గర లేదని ఒప్పుకుంటే తప్పు అక్కడితో ఆగేది. నేను చదువు చూపించాను. "1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు బాబాయ్."

కాసేపు మాట్లాడలేదు. "సరేరా, బాగా చదువుకో" అని పెట్టేశాడు.

ఆ మరుసటి ఏడు 1886 నాటి హౌరా టౌన్‌హాలు కేసు చదివాను. గోరీ మహమ్మద్ అనే ఆయన 100 రూపాయల చందా రాశాడు. చందాలను నమ్ముకుని కాంట్రాక్టరుకు పని అప్పగించారు. తీరా ఆయన ఇవ్వలేదు. తన మాట నమ్మి వాళ్లు కాంట్రాక్టరుకు బాకీ పడతారని తెలిసే సంతకం పెట్టాడు కనుక ఇచ్చి తీరాలంది కలకత్తా హైకోర్టు. 1914లో అలహాబాద్ హైకోర్టుకు మసీదు మరమ్మతుకు 500 ఇస్తానన్న కేసు వెళ్లింది. అక్కడ ఆ మాట మీద ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేదు. ఇవ్వక్కర్లేదన్నారు.

పుస్తకం మూయలేకపోయాను. మాట ఇచ్చినవాడు కోరగా అవతలివాడు చేసిన పని కూడా ప్రతిఫలమేనని అదే చట్టం రెండో సెక్షన్‌లో ఉంది. నాకేం ముట్టిందన్నదే ప్రతిఫలం అనుకున్నాను. నన్ను నమ్మి వాళ్లు తలకెత్తుకున్న బరువు నా కంటికి ఆనలేదు. పని మొదలుపెట్టమన్నది నేనే.

ఉద్యోగం వచ్చాక, మూడేళ్లకు, ఇరవై వేలూ తీసుకెళ్లి ఇచ్చాను. బాబాయి లెక్కపెట్టి చందా పుస్తకంలో రాసుకున్నాడు. బాకీ తీరిందని తేలిగ్గా తిరిగొచ్చాను.

మొన్న పిన్ని మాటల్లో బయటపడింది. ఆ సిమెంటు కొట్టు బాకీకి బాబాయి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చాడట. నాకు చెప్పొద్దన్నాడట. మూడేళ్లకు వడ్డీయే 14,400.

నన్ను నమ్మినందుకు ఆయనకైన ఖర్చు అది. ఆయన నోరు తెరిచి అడగడు. ఈ సంక్రాంతికి నేనే పట్టుకెళ్లాలి.