రెనో 5 ప్రకటనకు టీకా తాత్పర్యం

మూలం:
అమ్మకానికి రెనో 5. మోడల్ 1978.
82 వేలు తిరిగింది. హీటరు బాగు.
కొంచెం తుప్పు. బేరం కలదు.

అవతారిక: మాంట్రియల్ నగరమందు మంచు కరుగు వేళ, ఒకానొక గృహస్థు తన వాహనమును వదిలించుకొనగోరి పలికిన పలుకులివి. మూలంలో లేనిది రాయనని మెదకు సీమ పండితుడు కోలాచల మల్లినాథసూరి వ్రతం పట్టాడు. కాళిదాసుకు అది సరిపోయింది. పాత కారు ప్రకటనలో చెప్పనిదే ఎక్కువ గనుక మాకు ఆ వ్రతం కుదరదు.

ప్రతిపదార్థం: రెనో 5 = 1972 జనవరిలో ఫ్రాన్సున అవతరించినదియు, మిషెల్ బువే సొంత చొరవతో గీసిన రూపము కలదియు, ముందు చక్రములచే లాగబడునదియు, వెనుక పైకి లేచు తలుపు కలదియు నగు చిన్న కుటుంబపు కారు. ఆ బువే దాని విజయం చూడకముందే క్యాన్సర్‌తో కన్నుమూశాడు. తన గీత 50 లక్షలకు పైగా కార్లయిందని ఆయనకు తెలియదు. ఈ కారుకు ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి గల దూరం కుడి ఎడమల సమానం కాదు. తేడా సుమారు 3 సెంటీమీటర్లు. దోషమని శంకించరాదు. వెనుక స్ప్రింగుల పని చేసే టోర్షన్ బార్లు రెండూ అడ్డంగా, ఒకదాని వెనుక ఒకటి అమరినందున చక్రాలూ అలాగే జరిగాయి. దీనిని ఆర్షప్రయోగంగా గ్రహించవలెను.

మోడల్ 1978 = ఓడ దిగి వచ్చినది. ఇక్కడే ఎందుకు తయారు కాలేదన్నచో, కథ వెనక్కి పోవాలి. 1965లో క్యూబెక్‌లోని సెయింట్ బ్రూనో వద్ద సోమా అనే కర్మాగారం వెలిసింది. అందులో రెనో 8, ప్యుజో 404 బిగించారు. ముహూర్తం ఎవరు పెట్టారో గాని, అదే ఏడాది జనవరిలో కెనడా ప్రధాని పియర్సన్, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వాహన ఒప్పందం మీద సంతకాలు చేశారు. అమెరికా పెద్ద కంపెనీల కార్లూ విడిభాగాలూ సుంకం లేకుండా సరిహద్దు దాటసాగాయి. ఆ ప్రవాహం పక్కన ఒక చిన్న ఫ్రెంచి షెడ్డు ఎంతకాలం నిలుస్తుంది? 1973లో సోమా యాగం సమాప్తమైంది. నా మట్టుకు నాకు తప్పు కారుది కాదు, కాగితానిది.

82 వేలు = ఏమి 82 వేలు? ఇది ఈ గ్రంథమందలి మహాశంక. కెనడా రోడ్డు బోర్డులు 1977 సెప్టెంబరులో మైళ్ళ నుంచి కిలోమీటర్లకు మారాయి గనుక కిలోమీటర్లేనని పూర్వపక్షం. మీటరు ఏ లెక్కన తిరుగుతున్నదో కిటికీలోంచి తొంగిచూస్తే గాని తేలదని సిద్ధాంతం. మైళ్ళే అయినచో అది దాదాపు 1,32,000 కిలోమీటర్లు. ఒక్క మాట మింగి 50 వేల కిలోమీటర్లు దాచిన గృహస్థు సామాన్యుడు కాడు.

హీటరు బాగు = తక్కినవాని సంగతి అడుగవద్దు.

కొంచెం తుప్పు = నిలబడి చూచువానికి కనబడునంత. చలికాలమంతా మాంట్రియల్ వీధుల్లో మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు అతుకుల్లోకి దిగి, రేకును లోపలి నుంచి తింటుంది. ఆ కాలపు రెనోలకు తుప్పు నుంచి రక్షణ అంతంతమాత్రం. అందుచేత రంగు మీద కనిపించే మచ్చ తుప్పుకు ఆఖరి అధ్యాయమే గాని మొదటిది కాదు. పాదాల కింది రేకు, తలుపుల కింది గట్లు మొదట చూడదగినవి.

బేరం కలదు = కాలనిర్ణయానికి ఆధారమిదే. విడిభాగాలు దొరుకునని గృహస్థు ఎక్కడా అనలేదు. కావున ఇది 1987 తర్వాతి రచన. అమెరికన్ మోటార్స్‌లోని తన వాటాను రెనో ఆ ఏడు క్రైస్లర్‌కు అమ్మి, ఇక్కడి బజారు వదిలిపోయింది. రెనో 25 ఆధారంగా రూపొందిన కారు కోసం ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో కట్టిన కొత్త ఫ్యాక్టరీ కూడా క్రైస్లర్ చేతికే పోయింది.

తాత్పర్యం: కారు మంచిదే. దానికి దక్కిన ఊరు ఉప్పుది, దక్కిన కాలం ఒప్పందాలది.

ఫలశ్రుతి: ఫోను చేయగోరువారు జేబులో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్ళండి. మ్యాటు ఎత్తి, నేల పొడవునా ఆనించి చూడండి. అంటుకోని చోట రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది.