మిఠాయి యంత్రానికి టీకా తాత్పర్యం

నాణె మొకటి వేసి నయముగా పిడి తిప్ప
చక్ర మొకటి తిరిగి చాటు నుండి
రాలు తీపి గింజ, రాలని నాడెల్ల
దెబ్బ తినును దాని దేహ మెల్ల.

అవతారిక. పద్యం వ్యాఖ్యాత సొంతంగా కట్టుకున్నదే. కాబట్టి కవి హృదయం అంతుచిక్కలేదని తప్పించుకునే దారి ఇక్కడ లేదు. వస్తువు అమెరికాలో సూపర్‌మార్కెట్ల గుమ్మాల దగ్గరా, క్షౌరశాలల్లోనూ, టైర్ల దుకాణాల్లోనూ ఒంటికాలి మీద నిలబడి ఉండే మిఠాయి యంత్రం. పైన లోపలిది కనిపించే బుర్ర, బుర్ర నిండా రంగురంగుల గమ్‌బాల్సో చాక్లెట్ గింజలో వేరుశనగ పప్పులో. నడుమ పిడి, దాని పక్కనే నాణెం పెట్టే గాడి. కింద బొటనవేలితో ఎత్తే చిన్న తలుపు. కరెంటు లేదు, మోటారు లేదు, బ్యాటరీ లేదు. 1888లో న్యూయార్కు నగరంలో ఎత్తుమీద నడిచే రైళ్ళ ప్లాట్‌ఫారాలపై థామస్ ఆడమ్స్ కంపెనీ టుట్టీ ఫ్రూటీ చూయింగ్ గమ్ అమ్మడానికి యంత్రాలు పెట్టిన నాటి నుంచి ఈ వంశం నడుస్తోంది. మన రైల్వే స్టేషన్లలో రూపాయి మింగి బరువు అచ్చేసిన అట్టముక్క ఉమ్మే యంత్రం దీనికి దూరపు చుట్టమే. ఇల్లినాయిస్ రాష్ట్రంలోని మోరిస్ ఊరి నార్త్‌వెస్టర్న్, లాస్ ఏంజెలెస్ ఓక్, కెనడా బీవర్ కంపెనీల లోహ యంత్రాలు, వీటికి ఎదురుగా నిలిచే తేలికపాటి మూడు గదుల ప్లాస్టిక్ యంత్రాలు: వీటిలో దేని కట్టుబడి గట్టిది అన్నదే విచారణ. లోహమా ప్లాస్టికా అని అడిగి, లోహమని తేల్చి, తాంబూలం పుచ్చుకుని లేచిపోవడం లోకరీతి. ఈ టీక ఆ ప్రశ్ననే ఒప్పుకోదు.

నాణె మొకటి = క్వార్టరు, అనగా పావు డాలరు. దాని అడ్డుకొలత 24.26 మిల్లీమీటర్లు, మందం 1.75, బరువు 5.67 గ్రాములు. ఈ అంకెలు ఇక్కడ అలంకారానికి రాలేదు. గాడిలో పెట్టిన నాణెం ఒక బిళ్ళ చెక్కులో కూర్చుంటుంది. పిడి తిప్పితే బిళ్ళతోపాటు నాణెమూ తిరుగుతుంది. దారిలో ఒక ఉక్కు కొక్కెం స్ప్రింగు ఒత్తిడితో కాచుకుని ఉంటుంది. నాణెం సరైన కొలతదైతే కొక్కెం దాని అంచు మీదుగా జారి దాటిపోతుంది. చెక్కు ఖాళీగా ఉన్నా, నాణెం చిన్నదైనా కొక్కెం చెక్కులో పడి పిడిని ఆపేస్తుంది. మరో చిన్న కొక్కెం పళ్ళ మీద టకటకమంటూ నడిచి, సగం తిప్పిన పిడి వెనక్కి రాకుండా చూస్తుంది. అంటే దొంగకూ దొరకూ మధ్య ఉన్న తేడా అంతా మిల్లీమీటరులో కొద్ది వంతుల్లో ఉంది. కొక్కెం మొన అరిగినా, బిళ్ళ ఇరుసు వదులై పక్కకు ఒరిగినా ఆ తేడా చెరిగిపోతుంది. అప్పుడు యంత్రం రెండు రకాలుగా చెడుతుంది: నాణెం లేకుండానే ఇచ్చేస్తుంది, లేదా నాణెం మింగి ఊరుకుంటుంది. మొదటిది యజమానికి నష్టం. రెండోది మూడో పాదానికి పునాది.

నయముగా = మెల్లగా, మర్యాదగా. ఇది కవి ఆశ తప్ప లోకంలో జరిగేది కాదు. కొందరు దీన్ని ‘భయముగా’ అని దిద్దుతారేమో, అది చెల్లదు. ఒకటి, యతి చెడుతుంది. రెండు, మిఠాయి యంత్రం పిడిని భయంగా తిప్పిన పిల్లవాడు ఎక్కడా లేడు. నాణెం వేయకుండా తిప్పి చూసేవాడు, రెండు చేతులతో వేలాడేవాడు, అన్నయ్య తిప్పుతుండగా బుర్రను ఊపేవాడు: వీళ్ళే ఈ యంత్రానికి నిత్య సేవకులు. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. నాణెం లేకుండా పిడి మీద వేలాడినప్పుడు ఆ చేతి బలం యంత్రమంతటా సమంగా పరుచుకోదు. పిడి నుంచి ఇరుసుకు, ఇరుసు నుంచి బిళ్ళకు, బిళ్ళ నుంచి కొక్కేనికి, కొక్కెం నుంచి అది బిగించి ఉన్న చట్రానికి, చట్రం నుంచి దాన్ని దేహానికి పట్టి ఉంచే స్క్రూలకు పోతుంది. బలం నడిచే దారి ఇది. బుర్రకు గానీ మూతకు గానీ రంగుకు గానీ ఈ దారిలో చోటు లేదు. కట్టుబడి తీర్పు ఈ దారిలో చెప్పాలని, దారి పక్కనున్న వాటిని చూసి చెప్పరాదని సిద్ధాంతం. చట్రం పోత జింకుదై, అది పోత లోహపు దేహానికే బిగించి ఉంటే, వేలాడిన పిల్లవాడు దిగిపోయాక ఏదీ మారదు. అదే చట్రాన్ని ప్లాస్టిక్ గోడకు స్క్రూలతో బిగిస్తే ప్రతి ఊపుకూ స్క్రూ బెజ్జం వెంట్రుకవాసి పెద్దదవుతుంది. చట్రం ఎంత గట్టిదైనా అది పట్టుకున్న గోడ మెత్తనిది కాబట్టి కొన్నాళ్ళకు పిడి పళ్ళూడిన ముసలి నోటిలా ఆడుతుంది.

చక్ర మొకటి తిరిగి చాటు నుండి = బుర్ర అడుగున, కంటికి ఆనకుండా ఉన్న పంపిణీ చక్రం తిరిగి అని అర్థం. గమ్‌బాల్ చక్రానికి గుండుకొక గుంట. అంగుళం గమ్‌బాల్స్ పెట్టెకు 850 వస్తాయి. ఒక్కొక్కటి క్వార్టరు కన్నా మిల్లీమీటరు మించి లావు. చిన్న గింజలకు గుంట వైశాల్యాన్ని పలకలతో పెంచి తగ్గించే చక్రం వేరే ఉంటుంది. పావు డాలరుకు ఎన్ని చాక్లెట్ గింజలు రావాలో ధర్మపన్నాలు లేకుండా అక్కడే తేలుతుంది. జారుడు దారి పైన ఒక బ్రష్షు వంగి నిలబడి, గుంటలో పట్టని గింజను వెనక్కి తోసేస్తుంది. ఆ బ్రష్షు పీచు అరిగితే మిగులు గింజ చక్రానికీ కప్పుకూ మధ్య ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న గింజ నలిగి, చక్కెర పొడి అయి, తేమకు పాకమై గట్టిపడుతుంది. ఇప్పుడు నాణెం లోపలికి పోయింది, కొక్కెం దాటింది, కానీ చక్రం కదలదు; చేతి బలం ఈసారి చక్రం పళ్ళ మీద పడుతుంది.

ఇక్కడే ఒక ఆక్షేపణ వస్తుంది: బలం నడిచే దారిలో లోహమే ఉండాలన్నారు గదా, పేరున్న లోహ యంత్రాల్లో కూడా ఈ చక్రం ప్లాస్టిక్‌తో చేసినది కనిపిస్తుందే, మీ సిద్ధాంతం మీ గుమ్మంలోనే తొట్రుపడిందే అని. తొట్రుపడలేదు. ఇరుక్కున్న రోజున ఏదో ఒకటి ఓడక తప్పదు. ఓడేది కొక్కెమైతే మొత్తం నాణెపు పెట్టె విప్పాలి. ఓడేది దేహమైతే యంత్రాన్నే పారేయాలి. ఓడేది చక్రమైతే మూత తీసి, పాతది ఎత్తి, కొత్తది వేసి, మూత పెట్టేస్తే సరి. ఇంట్లో ఫ్యూజు తీగ కరిగినందుకు ఎవరూ దాన్ని నాసిరకమని తిట్టరు. ప్లాస్టిక్‌తో చేయడం తప్పు కాదు. మార్చడానికి వీల్లేని చోట ప్లాస్టిక్ పెట్టడం తప్పు. మొదట చెప్పిన సిద్ధాంతానికి ఇది సవరణ కాదు, దాని రెండో సగం: బలం నడిచే దారిలో అన్నిటికన్నా బలహీనమైనది అన్నిటికన్నా చవకగా, చేతికి అందేలా ఉండాలి.

దేహ మెల్ల. బరువైనదే గట్టిదని పూర్వపక్షి వాదన. యంత్రాన్ని చంకలోకి ఎత్తి చూసి, మోయలేకపోతే కొనేస్తాడు. పోత ఇనుముతో చేసిన పాత యంత్రాలు నేటికీ సంతల్లో దొరుకుతున్నాయి, చూడండి అంటాడు. దొరికేవి బతికి బట్టకట్టినవి. పగిలినవి సంతకు రావు గనుక ఆ సాక్ష్యం ఒంటికన్నుది. అదీగాక బరువుకూ బలానికీ పొంతన లేదనడానికి జింకు పోత చరిత్రే చాలు. ఘన సెంటీమీటరుకు ఇనుము పోత సుమారు 7.2 గ్రాములు, జింకు మిశ్రమం 6.6 పైచిలుకు, అల్యూమినియం 2.7. చేతిలో జింకు దాదాపు ఇనుమంత బరువే తూగుతుంది. అయినా 1920ల నాటి జింకు పోతలు చాలా ఏ పిల్లవాడూ ముట్టకుండానే, బీరువాలో కూర్చున్నచోటే బీటలు వారి పొడి అయిపోయాయి. కారణం లోహంలో కల్తీగా చేరిన సీసం. అది స్ఫటికాల సందుల్లో చేరి తేమతో కలిసి లోపలి నుంచి తినేస్తుంది. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ నూటికి 99.99 వంతులు శుద్ధమైన జింకుతో, సుమారు నాలుగు శాతం అల్యూమినియం కలిపి జమాక్ మిశ్రమాలు తెచ్చాకే ఈ చీడ వదిలింది. పాతా కొత్తా జింకు పోతలు రెండూ తక్కెడలో సమానంగానే తూగుతాయి. కాబట్టి చంకలోకి ఎత్తే పరీక్ష వల్ల తెలిసేది ఎత్తినవాడి నడుం సంగతి మాత్రమే. అయితే బరువుకు ఒక్క ప్రయోజనం ఉందని ఒప్పుకోవాలి: తేలికైన యంత్రాన్ని డబ్బుతో సహా ఎత్తుకుపోవచ్చు. అందుకే అడుగున స్టాండుకు ఇనుప బిళ్ళ పెడతారు. అది దొంగకు సమాధానం, పిడికి కాదు.

రెండో పూర్వపక్షి లెక్కల మనిషి. లోహపు యంత్రం ఒకటి కొనే డబ్బుకు ప్లాస్టిక్‌వి ఎక్కువ వస్తాయి, చెడితే పారేద్దాం, మరొకటి పెడదాం అంటాడు. వెండ్‌స్టార్ 3000 వంటి మూడు గదుల ప్లాస్టిక్ యంత్రాలు అమెరికాలో లక్ష్యంగా పెట్టుకున్నది ఇలాంటి కొత్త వ్యాపారినే. లెక్క సరైనదే, అయితే ఒక పద్దు మరిచాడు. యంత్రం చెడిన సంగతి యంత్రం చెప్పదు. అది ఊరి అవతలి టైర్ల దుకాణంలో నోరు మూసుకుని ఉంటుంది. యజమాని నెలకోసారి వెళ్ళేసరికి, ఇరుక్కున్న మొదటి వారం నుంచీ ఒక్క నాణెమూ పడలేదని తెలుస్తుంది. పెట్టెడు గమ్‌బాల్స్ అన్నీ అమ్ముడైతే వచ్చేది 212 డాలర్ల 50 సెంట్లు. అందులో సరుకు ఖర్చు, దుకాణదారు వాటా, పెట్రోలు పోవాలి. పావు డాలర్ల వ్యాపారంలో ఒక అదనపు ప్రయాణం ఎన్ని పిడి తిప్పుళ్ళను మింగుతుందో ఆయనే వేసుకోవచ్చు. పైగా రాలని నాడు తన్నులు తిన్న యంత్రాన్ని చూసి విసిగిన దుకాణదారు, దాన్ని తీసుకుపొమ్మంటాడు. పోయిన చోటు కొత్త యంత్రంతో తిరిగి రాదు. కొత్త వ్యాపారులు ఇలాంటి యంత్రాలు కొనేటప్పుడు లోపలి కొక్కెం ఎవరూ విప్పి చూడరు. చూసేది బొమ్మల పుస్తకం, వినేది ఆదాయం మాట. 2012 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం ఇటువంటి వ్యాపార అవకాశాలు అమ్మేవాడు ఒప్పందానికి కనీసం ఏడు రోజుల ముందే వివరాల పత్రం చేతికివ్వాలి. ఆ ఏడు రోజుల్లో ఒక పూట స్క్రూడ్రైవరుకు కేటాయించడం ఉత్తమం.

మూడో ఆక్షేపణకు కాస్త పస ఉంది. ఉప్పు వేరుశనగ పోసిన యంత్రంలో ఉప్పూ తేమా కలిసి జింకునూ అల్యూమినియాన్నీ తింటాయి. క్రోమియం పూత పొక్కి లేస్తుంది. ప్లాస్టిక్‌కు ఈ బాధ లేదు కదా అని. నిజం. అందుకే గింజలు తగిలే చోట, అంటే బుర్ర, చక్రం, జారుడు దారి వరకు ప్లాస్టిక్ ఉండటం లోపం కాదు, గుణం. ఉప్పు నాణెపు పెట్టెలోకి పోకుండా మధ్యలో గోడ ఉందా లేదా అన్నదే అడగాలి. బుర్ర విషయంలోనూ ఇదే. పాత గాజు గోళాన్ని తలచుకుని కన్నీరు పెట్టే సేకర్తలున్నారు. గాజుకు సులువుగా గీత పడదు, ఎండకు రంగు మారదు, ఒప్పుకుందాం. కానీ గచ్చు మీద పడితే పిల్లల కాళ్ళ దగ్గర ముక్కలవుతుంది. పాలికార్బొనేట్‌ను 1953లో జర్మనీ బేయర్, అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలు విడివిడిగా కనిపెట్టాయి. ఆ బుర్ర గుద్దులను గాజుకన్నా ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. దాని శత్రువు పిల్లవాడు కాదు, యజమానే: అమ్మోనియా కలిసిన గాజు తుడుపు మందుతో తళతళలాడించబోతే సన్నని చీలికలు పాకుతాయి. సబ్బునీళ్ళు చాలు.

విశేషం. పాత సెంటు యంత్రాలు నేటికీ పనిచేయడానికి కారణం దేహపు గొప్ప కాదు. నాణెపు పెట్టె దేహంలోంచి మొత్తంగా ఊడివచ్చే ముక్కగా కట్టడం. 19.05 మిల్లీమీటర్ల సెంటు పెట్టె తీసి క్వార్టరు పెట్టె వేస్తే అదే పోత మరో తరం నడుస్తుంది. చలామణి కోసం ఆ సెంటు ముద్రణే 2025 నవంబరులో ఆగిపోయింది, యంత్రాలు మిగిలాయి. కొనబోయేవాడు మూత తాళం తీసి, నడి కడ్డీ వదులు చేసి, బుర్ర ఎత్తి పక్కన పెట్టి, నాణెపు పెట్టెను పట్టి ఉంచిన స్క్రూలు లోహంలోకి దిగాయో ప్లాస్టిక్‌లోకి దిగాయో చూడాలి. తర్వాత నాణెం వేయకుండా పిడిని గట్టిగా తిప్పాలి. మంచి యంత్రం ఠక్కున ఒక్కచోటే ఆగుతుంది. నాసిరకం మెత్తగా, కొంచెం కొంచెంగా, ఇంకాస్త తిప్పితే వచ్చేట్టుందే అనిపిస్తూ ఆగుతుంది. పిల్లవాడికి కూడా సరిగ్గా అలాగే అనిపిస్తుంది. ఈ పరీక్షలో నార్త్‌వెస్టర్న్, ఓక్, బీవర్‌ల మధ్య తేడా వెతకడం వెంట్రుకలు చీల్చడమే. విడిభాగాలు ఏవి దగ్గరలో దొరికితే అవి కొనుక్కోవచ్చు. స్టాండు కాళ్ళు, రంగు, మూత ఆకారం వగైరాలకు వ్యాఖ్య అనవసరం.