హేజీయె మేలను: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

హాప్స్ దట్టించిన చేదు బీరు మీద రుచి ఎలా పుడుతుందో, పుట్టిన రుచి ఏ దారిన పోతుందో ఈ ఆటవెలది చెబుతుంది.

మొదట నోరు ముడుచు, ముఖముఁ జిట్లించును
తుదకు నదియె కోరి తోడు పిలుచు
ఏడు తిరుగలేదు హేజీయె మేలను
నాల్క మాట నెట్లు నమ్మవచ్చు

ఛందస్సు

బేసి పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతులు మొ–ము, తు–తో, ఏ–హే, నా–న. హకారానికి అచ్చుతో యతిమైత్రి ఉంది కాబట్టి ‘ఏ’ దగ్గర ‘హే’ నిలిచింది. ఎక్సైజు శాఖను అడగకుండానే ఛందశ్శాస్త్రం ఈ బీరుకు లైసెన్సు ఇచ్చేసింది. ‘పిలుచు’, ‘ఏడు’ మధ్య సంధి చేయకుండా వదలడం లాక్షణికులకు నచ్చదు. రెండో పాదంలో చెప్పిన పని పూర్తయ్యాక సంధి కుదరకపోవడం స్వభావోక్తి అని సమాధానం.

ప్రతిపదార్థం

మొదట = తొలి గ్లాసునందు; నోరు ముడుచు = పెదవులు బిగించును; ముఖముఁ జిట్లించును = కనుబొమలు ముడివేయును; తుదకు = కడపట, అనగా నెలా రెండు నెలలకు; అదియె = ఏది చేదని తోసివేసెనో దానినే; కోరి = వాంఛించి; తోడు = సాయమును; పిలుచు = రప్పించును; ఏడు = సంవత్సరము; తిరుగలేదు = నిండలేదు; హేజీయె = మసకగా నుండు బీరే; మేలు + అను = శ్రేష్ఠమని పలుకును; నాల్క మాటను = జిహ్వ చెప్పిన సాక్ష్యమును; ఎట్లు నమ్మవచ్చు = నమ్మరాదని భావము.

కర్తృనిర్ణయం

పద్యంలో క్రియలున్నాయి, కర్త లేడు. మూలంలో లేనిది రాయకూడదని కొలచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకకు అంత నిగ్రహం లేదు కనుక ‘పెద్దాపురం వాడు’ అని అధ్యాహారం చేసుకుంటుంది. ఇందుకు ఉపపత్తులున్నాయి. భర్తృహరి సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి ఈ ఊరివాడు, కాబట్టి నాలుగు పాదాల్లో మనిషి బుద్ధి తేల్చే అలవాటు ఇక్కడ పాతది. ఊరు మెట్టకూ డెల్టాకూ అంచు మీద ఉంది, తాటికల్లుకు లోటు లేదు. పక్కనే సామర్లకోటలో డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ ఇంగ్లీషువాళ్ల కాలంలోనే పంచదారా సారా రెండూ తీసింది. ఇన్ని చూసిన నోరు కూడా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగానికి వెళ్లి మొదటి ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) ముందు ముడుచుకుపోయిందంటే పద్యం చెప్పే విషయానికి బలం వస్తుంది. బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ అనే బ్రూపబ్‌ను 2010లో తెరిచారు. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. పద్యరచనాకాలం ఆ తర్వాతిదే అనడానికి ‘హేజీ’ పదమే సాక్ష్యం.

ప్రథమ పాదం: ముడుచుట

హాప్స్ ఒక తీగ. దాని ఆడ పూలలో లుపులిన్ అనే పసుపు పచ్చని పొడి ఉంటుంది. అందులోని ఆల్ఫా ఆమ్లాలు మరిగే బీరు కషాయంలో గంటసేపు ఉడికి ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా మారతాయి. చేదు వీటిదే. లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రామును ఒక ఐబీయూ అంటారు. బీరు పోటీల న్యాయనిర్ణేతల కోసం బీజేసీపీ వేసిన సూచికలో జర్మన్ గోధుమ బీరుకు 8 నుంచి 15, అన్ని దేశాల్లో దొరికే లేత లాగర్‌కు 18 నుంచి 25, అమెరికన్ ఐపీఏకు 40 నుంచి 70 ఐబీయూలు రాసి ఉన్నాయి. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేది స్ట్రాంగ్ బీరు. దానికి పేరు తెచ్చింది మత్తే, చేదు కాదు. దానికి అలవాటైన నాలుక ఒక్కసారిగా రెండింతలు మూడింతలు చేదు మీద పడితే ముఖం చిట్లక ఏం చేస్తుంది?

పూర్వపక్షం: చేదు ఈ నేలకు కొత్తదా? ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉంది, కాకరకాయ వేపుడు లేని ఇల్లు లేదు, ఆయుర్వేదం తిక్తాన్ని ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కించింది కదా? సమాధానం: ఉంది గాని, ఒంటరిగా లేదు. వేపపువ్వుకు బెల్లం, కాకరకాయకు పులుసూ ఉల్లికారమూ కాపలా ఉంటాయి. ఐపీఏలో చేదు కాపలా లేకుండా గుమ్మంలోకి వస్తుంది. పైగా పసిపిల్లలు పుట్టిన నాటి నుంచే చేదును ఉమ్మేస్తారు. ప్రకృతిలో విషాలు చాలా వరకు చేదు గనుక ఆ ఉమ్మడం పెద్దల నేర్పు కాదు, దేహం నేర్పు.

ఇండియా పేల్ ఏల్ అన్న పేరు చూసి ఇది మన దేశపు సొత్తేనని వాదించేవారు ఉన్నారు. 18వ శతాబ్ది చివర లండన్ శివారు బో నుంచి హాడ్జ్‌సన్ బీరు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వచ్చింది. 1820లలో బర్టన్ ఊరి ఆల్సప్ పోటీకి దిగాడు. దారిలో చెడకుండా హాప్స్ ఎక్కువ వేశారన్న మాటలో కొంత నిజముంది, హాప్స్ చేదు పులిపించే సూక్ష్మజీవులను అణుస్తుంది. అయితే నల్లటి పోర్టర్ బీరు కూడా అదే దారిన వచ్చి తాగేవాళ్లకు దక్కింది కనుక, ఐపీఏ ఒక్కటే ఓడ ప్రయాణానికి పుట్టిందనడం అతివ్యాప్తి దోషం. కాకినాడ దగ్గర ఇంజరంలో కంపెనీకి ఫ్యాక్టరీ ఉన్నా, ఆ సీసాలు దొరల బల్ల దాటి ఈ ఊళ్ల నాలుకను మార్చిన జాడ లేదు. పేరులో ఇండియా ఉన్నది అడ్రసు రాసినట్టే, సొంతదారు పేరు రాసినట్టు కాదు.

ద్వితీయ పాదం: కోరుట, తోడు

పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది. మొదట తోసినదాన్నే కోరడం ఎలా? పదే పదే తాగితే నాలుక చేదును హెచ్చరికగా కాక వాగ్దానంగా చదవడం మొదలుపెడుతుంది. వెనక వచ్చే మత్తుకూ ముందు వచ్చే చేదుకూ మెదడు ముడి వేస్తుంది. ఆ తర్వాత ఇంకో ముడి: నిన్నటి మోతాదు ఇవాళ చప్పగా ఉంటుంది. దీనికి ‘లుపులిన్ థ్రెషోల్డ్ షిఫ్ట్’ అని పేరు పెట్టినవాడు కాలిఫోర్నియా బ్రూయర్ విన్నీ సిలర్జో. హాప్స్ పాలు బాగా పెంచిన డబుల్ ఐపీఏను 1994లో బ్లైండ్ పిగ్ బ్రూవరీలో వండినవాడూ అతనే, అంటే రోగమూ నిదానమూ ఒక్క చేతివే. 40 ఐబీయూలకు ముఖం చిట్లించినవాడు 70కి చేరి, ఇంకా ఎక్కువ లేదా అని అడిగే దశ ఇది. ఈ పరుగులో కొందరు సీసా మీది అంకెను పరీక్ష మార్కులా చెప్పుకుంటారు. నిజానికి ఒక దశ దాటాక అంకె పెరిగినా నాలుకకు తేడా తెలియదు. మాల్ట్ తీపి ఎక్కువున్న 60, తక్కువున్న 40 కన్నా మెత్తగా దిగవచ్చు.

‘తోడు’ మీద వ్యాఖ్యాతలు విడిపోయారు. స్నేహితుడని ఒక పక్షం, రెండో గ్లాసని ఒక పక్షం. మంచింగ్ అన్న మూడో పక్షమే ఈ టీకకు సమ్మతం, వివాదం నిజంగా అక్కడే ఉంది కాబట్టి. గోదావరి పక్కన బీరుకు తోడుగా వచ్చేది రొయ్యల వేపుడు, కోడి వేపుడు, మిరపకాయ బజ్జి, అన్నీ కారమే. మద్యం కారాన్ని గుర్తించే నరాలను ఇంకా తొందరపెడుతుంది, గ్యాసు పొడుస్తుంది, హాప్స్ చేదు వాటి మీద కూర్చుంటుంది. లాగర్‌తో హాయిగా పోయే వేపుడు ఘాటు ఐపీఏతో నోరంతా నిప్పు చేస్తుంది. చాలామంది ‘ఐపీఏ నాకు పడదు’ అనడానికి అసలు కారణం గ్లాసులో కాక పక్కనున్న ప్లేటులో ఉంటుంది. ఉప్పు వేసి వేయించిన మోరి జీడిపప్పు పెట్టి చూస్తే అదే బీరు అదే నోటికి వేరుగా తోస్తుంది. ఉప్పు చేదును అణుస్తుందన్నది కాకరకాయకు ఉప్పు రాసి పిండే ప్రతి వంటింటికీ తెలుసు.

తృతీయ పాదం: హేజీ

చేదు కొండ ఎక్కిన తర్వాత దిగే దారి ఇది. హాప్స్‌ను గంటసేపు ఉడికించక చివరన, లేదా బీరు చల్లారి పులుస్తున్నప్పుడు వేస్తే చేదు తక్కువ దిగి నూనెల వాసన ఎక్కువ నిలుస్తుంది. ఈ రెండో పద్ధతిని డ్రై హాపింగ్ అంటారు. వాసన కోసమే కొత్త హాప్స్ వంగడాలు వచ్చాయి: 1972లో నిమ్మజాతి పండ్ల వాసన గల క్యాస్కేడ్, 2000 తర్వాతి దశకంలో సిట్రా. ఓట్సూ గోధుమా వేసి, వడకట్టక, మసకగా వదిలే శైలికి వెర్మాంట్‌లో ఆల్కెమిస్ట్ వాళ్ల ‘హెడీ టాపర్’ దారి చూపింది. దాన్ని డబ్బాల్లో నింపడం 2011లో మొదలైంది. బీజేసీపీ లెక్కలో హేజీకి 25 నుంచి 60 ఐబీయూలు, నోటికి అంత కూడా అనిపించదు.

హేజీ గ్లాసు ఎత్తగానే మామిడి పండు వాసన అంటారు. కల్పన కాదు. హాప్స్ నూనెలో ఉండే మిర్సీన్ మామిడిలోనూ ఉంది. కొత్తపల్లి కొబ్బరి, రసాలు మే నెలలో బుట్టలతో ఇంటికి వచ్చే జిల్లా మనిషి, మామిడి లేని మామిడి వాసనకు వందలు పోయడం లోకవిరుద్ధంగా కనబడుతుంది. కాని ఆ వాసనే అతన్ని పట్టేది. పరిచయమైన దారిన కొత్తది లోపలికి వచ్చింది.

చతుర్థ పాదం: నాల్క మాట

విశేషాన్ని సామాన్యంతో సమర్థించాడు కనుక అర్థాంతరన్యాసాలంకారం. నాలుక అబద్ధీకురాలు అన్నది మాత్రం తొందరపాటు అన్వయం. 1931లో డ్యుపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ ఒక పొడి గాలిలో చెదిరినప్పుడు పక్కవాడికి చేదుగా ఉన్నది తనకు ఏ రుచీ లేకపోవడం గమనించాడు. పుట్టుకతోనే నాలుకలు వేరు. దాని మీద పరిస్థితి చేరుతుంది. మరీ చల్లటి బీరులో చేదూ వాసనా రెండూ తగ్గుతాయి. రోహిణి కార్తెలో ఫ్రీజరు నుంచి తీసిన సీసా మీద ఇచ్చే తీర్పు చల్లదనం మీద తీర్పే. హేజీ వాసన వారాల్లోనే వాడిపోతుంది. ఓడల్లో నెలలు వచ్చిన బీరు పేరు పెట్టుకున్న వంశంలో ఇంత సుకుమారి పుట్టడం విధి విలాసం.

ఇంకో పరిస్థితి దుకాణం. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ దుకాణాలే ఉన్నాయి, కొత్త కొత్త పేర్ల సీసాలు వరస కట్టాయి. అలాంటి రోజుల్లో ‘నాకు ఇది ఇష్టం’ అన్న వాక్యానికి అర్థం ‘ఇది ఉంది’ అనే. ఇష్టానికి ఎంపిక కావలసినవాడు పుదుచ్చేరి చట్టం నడిచే యానాం బస్సెక్కాడు.

కల్లు దగ్గర ఈ చర్చంతా తలకిందులవుతుంది. ముంతకు సున్నం రాస్తే తెల్లవారి తీపి, రాయకపోతే పొద్దెక్కే కొద్దీ పులుపు, సాయంత్రానికి ముక్కు మూసుకునేంత ఘాటు. తీపి కోరేవాడు పొద్దున్నే, పులుపు కోరేవాడు ఎండెక్కాక పాకకు వస్తాడు. అక్కడ మారేది కల్లు, మనిషి తన వేళను పట్టుకుని కూర్చుంటాడు. బీరు గది లోపల మారేది మనిషి.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో మూడో పాదం ‘ఏడు తిరుగలేదు లాగరె మేలను’ అని ఉందంటారు. ఏ–లాలకు యతి చెల్లదు గనుక పరిత్యాజ్యం. అయితే హేజీతో విసిగి, తేటగా చల్లగా ఉండే పిల్స్‌నర్‌కూ లాగర్‌కూ తిరిగి వచ్చినవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వాళ్లను ఛందస్సు కారణంగా పద్యం బయట నిలబెట్టడం న్యాయం కాదు. అందుచేత ‘లాభమనుచు నిపుడు లాగరె మేలను’ అన్న పాఠం పరిష్కృతం. లా–లా యతి శుద్ధం, గణాలు సరి. ఏడాది లోపు చదివేవారు మొదటి పాఠాన్నీ, ఆ పైన చదివేవారు ఈ పాఠాన్నీ గ్రహించాలి.