నలిగితేనే నా కొలువు

నేను పల్చటి గారెలా ఉంటాను: తెల్లగా, గుండ్రంగా, నడుమ పెద్ద చిల్లుతో. కాగితాల మీద నా పేరు పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్. స్టోర్సులో ‘టెఫ్లాన్ గ్యాస్కెట్టు’ అంటేనే తీసిస్తారు. పరవాడ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పారే ఉక్కు గొట్టానికి రెండు ఫ్లాంజిల మధ్య నా కాపురం.

మా వంశం ఒక మొరాయించిన సిలిండరులో పుట్టింది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో, డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ గ్యాసు కోసం దాని మర తిప్పితే ఏమీ రాలేదు. బరువు చూస్తే తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి పొడి! గ్యాసు అణువులు చేయీ చేయీ కలిపి గొలుసులైపోయాయి. యుద్ధకాలంలో అణుబాంబు కర్మాగారంలో యురేనియం హెక్సాఫ్లోరైడు మామూలు సీళ్ళను తినేస్తుంటే, మా పెద్దల్ని అడ్డం పెట్టారు. చెప్పుకుని మురిసే కొలువు కాదు గానీ, మా మొదటి ఉద్యోగాల్లో అదొకటి.

నా కార్బన్ వెన్నెముక చుట్టూ ఫ్లోరిన్ కవచం ఉంటుంది. అందుకే ఆమ్లం నన్నేమీ చేయలేదు. గోడ మీది బల్లికి కూడా నా మీద పట్టు దొరకదు. 260 డిగ్రీల సెల్సియస్ దాకా వేడికి ఓర్చుకుంటాను. తిరిగే షాఫ్టుల దగ్గర సీళ్ళుగా ఉన్న నా తమ్ముళ్ళకు ఈ జారుడు గుణమే అన్నం పెడుతోంది.

నాకు మాత్రం ఇంకో గుణం చేటు తెచ్చింది. కుర్ర ఫిట్టరు నన్ను బిగించి వెళ్ళిన మర్నాడు, ఫ్లాంజి అంచున బొట్టు తేలింది. పెద్ద ఫిట్టరు లైను ఖాళీ చేయించి, స్పానరు అందుకున్నాడు.

“ఇది రబ్బరు కాదురా, నొక్కితే ఎదురు తన్నడానికి. బరువు పడేకొద్దీ మెల్లగా పక్కకి జారిపోద్ది, బోల్టులు వదులైపోతాయి. ఒకరోజు ఆగి మళ్ళీ బిగించాలి. వరసన కాదు, ఎదురెదురుగా!”

ఆమ్లానికి లొంగనివాణ్ణి, ఒత్తిడికి ఇలా లొంగిపోతాను. ఈ జబ్బు తగ్గించడానికే మాలో కొందరికి గాజుపీచు, బొగ్గుపొడి కలుపుతారు.

లైను విప్పిన రోజున నన్ను మళ్ళీ వాడరు. అప్పుడు చూడండి నా ముఖం: ఫ్లాంజి మీది సన్నటి గాడులన్నీ అచ్చుపడి ఉంటాయి. ఏదీ అంటని నా ఒంటి మీద మిగిలేది ఆ నలుగుడు గుర్తే.