ఖాళీ కుర్చీకి టీకా తాత్పర్యం

మూలం: కొత్త సభ్యులకు స్వాగతం. అనుభవం అక్కర్లేదు. అధ్యక్ష పదవి ఖాళీగా ఉంది.

అవతారిక: జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నది పక్కన ఉన్న పేట భుయ్యాడీహ్. అక్కడి నుంచి సాక్చీకో బిష్టుపూర్‌కో కాలేజీకి వెళ్లే పిల్లలు తరగతులు మొదలైన కొత్తలో నోటీసు బోర్డు మీద చదివీ చదవకుండా దాటిపోయే ప్రకటనల సారం పై మూడు వాక్యాలు. గ్రంథకర్త ఎవరో తెలియదు. రాత హిందీలో ఉన్నా ఇంగ్లీషులో ఉన్నా భావంలో పాఠాంతరం లేదు. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చిన తెలుగువాళ్ల మనవలూ ఆ బోర్డు ముందునుంచే నడుస్తారు కనుక, తెలుగులో దీనికి వ్యాఖ్యానం లేకపోవడం లోటే. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. మొదటి నియమాన్ని ఈ టీకాకారుడూ పాటిస్తాడు. రెండోదానికి హామీ లేదు.

ప్రతిపదార్థం: కొత్త = ఇంతవరకు ఎవరూ పని చెప్పని; సభ్యులకు = సభయందు సాధువులైనవారికి (వ్యాకరణం చెప్పే అర్థం ఇదే; కార్యవర్గ సమావేశం చూసినవారు సందేహించరాదు); స్వాగతం = టీ, సమోసా; అనుభవం = ముందే చేసి చెడగొట్టి ఉండటం; అక్కర్లేదు = అది ఉన్నవాళ్లు ఎటూ రారు; అధ్యక్ష పదవి = కుర్చీలు వేయించే అధికారం, మనుషులు దొరక్కపోతే వేసే బాధ్యత; ఖాళీగా = నిరుటి అధ్యక్షుడు డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోవడం చేత; ఉంది = ఏటా ఉంటూనే ఉంటుంది.

టీక: ఇందులో ప్రాణం నడిమి వాక్యం. పని చేయమంటూనే పని తెలియనక్కర్లేదనడం పైకి విరోధంగా కనిపిస్తుంది. ఉద్యోగ ప్రకటన రెండేళ్ల అనుభవం అడుగుతుంది. ఆ రెండేళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పదు. ఆ ముడి విప్పే కొస ఈ నోటీసులో ఉంది కనుక ఇది విరోధాభాసం. అయితే కొత్త పని పట్టుకోగానే మనిషి ఎదుగుతాడా? ఈ ఆదివారం గిటారు, పై ఆదివారం ఫొటోగ్రఫీ, ఆ తర్వాత జపనీసు భాష: ఇవన్నీ రుచి చూడటాలు. పెళ్లి విందులో ప్రతి వంటకమూ ఒక ముద్ద తిన్నవాడికి వంట రాదు. ఎన్ని కిలోల బియ్యానికి ఎన్ని విస్తళ్లు లేస్తాయో వడ్డన నెత్తిన పడ్డవాడికే తెలుస్తుంది. కొత్తదనం మనిషిని కదిలిస్తుంది. ఆ కొత్త పనికి పదిమంది ముందు లెక్క చెప్పవలసి రావడమే అతన్ని పెంచుతుంది. నాయక శబ్దం పుట్టిన 'నీ' ధాతువు సకర్మకం. ఎవరినీ ఎక్కడికీ నడిపించకుండా నాయకుడు కావడానికి వ్యాకరణమే ఒప్పుకోదు.

దృష్టాంతం ఈ ఊళ్లోనే ఉంది. 1984లో బచేంద్రీ పాల్ ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆమె అక్కడితో ఆగిపోతే మనకు ఒక రికార్డు మిగిలేది. జంషెడ్‌పూర్‌కు వచ్చి టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ బాధ్యత తలకెత్తుకున్నారు. 1993లో ఆమె నడిపించిన భారత-నేపాల్ మహిళల బృందం నుంచి 18 మంది శిఖరం చేరారు. ఆమె దగ్గర తర్ఫీదు పొందిన జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలతా అగ్రవాల్ 2011లో 48 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కారు. తాను ఎక్కేటప్పుడు తన ఊపిరి చూసుకుంటే చాలు. ఇంకొకరిని ఎక్కించేటప్పుడు వాళ్ల ఊపిరి, వాళ్ల భయం, వాళ్ల తాడు అన్నీ చూడాలి. మొదటిది సాహసం. రెండోదాన్నే మూలకారుడు 'అధ్యక్ష పదవి' అన్నాడు.

గుంపులో చేరడమే చాలదా అంటే, చాలదనడానికి ఒక తాడు సాక్ష్యం ఉంది. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి, ఆ కొలతలను 1913లో ప్రకటించాడు. గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. ఎనిమిది మంది కలిసి లాగితే తలా సగం బలం మాత్రమే తేలింది. అరవై మంది ఉన్న క్లబ్బు వాట్సాప్ గ్రూపులో "రేపు బ్యానరు ఎవరు కడతారు" అన్న ప్రశ్నకు అరవై బొటనవేళ్లు లేచి, తెల్లారేసరికి బ్యానరు లేవకపోవడానికి కారణం ఇదే. తాడు కొస ఎవరి పేరున ఉందో వాడొక్కడే పూర్తి బలంతో లాగుతాడు. కనుక 'సభ్యులు', 'అధ్యక్షుడు' అన్న పదాల మధ్య తేడా హోదాది అనుకోవడం అపవ్యాఖ్య. చేజారితే ఎవరిని అడుగుతారన్నదే ఆ తేడా.

పూర్వపక్షం: "క్లబ్బులు నడిపేవాళ్లు పుట్టుకతోనే చొరవ ఉన్నవాళ్లు. క్లబ్బు వాళ్లను పెంచలేదు, వాళ్లే క్లబ్బును ఎక్కారు" అంటారు. బలమైన మాట, సగం ఒప్పుకోవాలి. మైకు చూడగానే చేయి చాచేవాడికి క్లబ్బు కొత్తగా ఇచ్చేది తక్కువే. కానీ క్లబ్బంటే మైకొక్కటే కాదు. కోశాధికారి ఉన్నాడు, ఉత్తరాలు రాసే కార్యదర్శి ఉన్నాడు, హాలు తాళంచెవి తెచ్చేవాడు ఉన్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే పిల్ల ఇంగ్లీషులో అనుమతి పత్రం రాసి, తిరస్కారం తిని, మళ్లీ రాస్తే, ఆ రెండో ఉత్తరం పుట్టుకతో వచ్చిన చొరవ కాదు. పైగా తొలి ప్రయత్నం గొప్పగా ఉండాలన్న షరతు క్లబ్బులో లేదు. 1928లో విశాఖపట్నంలో కవితా సమితి అనే సాహిత్య సంఘం 18 ఏళ్ల శ్రీశ్రీ పద్యాల పుస్తకం 'ప్రభవ'ను ప్రచురించింది. అందులో పాతదారి పద్యకవి కనిపిస్తాడు. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. పండక ముందే అచ్చువేసే చోటు ఒకటి ఉంటేనే, తన పచ్చిదనం ఏమిటో రాసినవాడికి తెలిసేది.

"సర్టిఫికెట్టు కోసమే కదా చేరడం" అని మరో ఆక్షేపణ. కావచ్చు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.)లో వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి; గంటల కోసమే వచ్చేవాళ్లూ ఉంటారు. ప్రసాదం కోసం గుడికి వెళ్లినవాడికీ గంట చప్పుడు వినబడుతుంది. ఎందుకు చేరారన్నదానికంటే చేరాక ఏ పని పేరున పడిందన్నది ముఖ్యం. ఏ పనీ పడకపోతే మాత్రం ఆక్షేపణే గెలుస్తుంది.

"చదువు పాడవుతుంది" అన్నది మూడోది, అన్నిటికంటే పాతది. షిఫ్టు డ్యూటీల ఊళ్లో తల్లిదండ్రులు ఈ మాట అంటే నవ్వి తోసెయ్యకూడదు. దీనికి సమాధానం కర్మాగారంలోనే ఉంది. ఇక్కడ ఎనిమిది గంటల పనిదినం 1912లో వచ్చింది. దేశంలో ఫ్యాక్టరీల చట్టం 1948లో. పనికి హద్దు గీసినప్పుడే మిగతా గంటలు మనిషివవుతాయి. క్లబ్బుకూ అలాంటి సైరన్ ఒకటి ఉండాలి. సైరన్ మోగినా ఇంటికి వెళ్లని అధ్యక్షుడు పనిని పంచడం నేర్చుకోలేదని అర్థం. అంటే క్లబ్బు నేర్పవలసిన ముఖ్య పాఠంలోనే తప్పాడు.

తాత్పర్యం: కుర్చీ ఖాళీగా ఉన్నది కూర్చోవడానికని భ్రమపడరాదు. మిగతా కుర్చీలు వేయడానికి, సభ అయ్యాక తీయడానికి, విరిగినదాని ఖరీదు ఎవరు కట్టాలో తేల్చడానికి ఒక మనిషి కావాలని మూలకారుడి ఆశయం.

ఫలశ్రుతి: ఈ టీకను పారాయణ చేసినవారికి ఏ ఫలమూ లేదు. షామియానా బాకీ తీర్చి, రసీదు పుస్తకంలో అంటించి, వచ్చే ఏడాది వాళ్లకు తాళంచెవి అప్పగించి, మళ్లీ అదే నోటీసు తన చేత్తో అతికించినవారికి నడిమి వాక్యం అర్థమవుతుంది.